పచ్చికను తొక్కరాదు

మా ఆఫీసులో గడ్డి తినేవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు. గడ్డి పెట్టేవాళ్ళకీ లేదు. మా ఆఫీసరుగారు పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు భోజనాల వేళ దాకా వరసపెట్టి అందరికీ పెడుతూనే ఉంటారు. కానీ గడ్డి పెంచమని ప్రభుత్వమే ఆజ్ఞాపించడం మాత్రం నా సర్వీసులో అదే మొదలు. ఆ ఆజ్ఞ వచ్చిన రోజున నాకు కుడికన్ను అదిరింది. మగవాడికి కుడికన్ను అదిరితే మంచిదంటారు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

నా పేరు పానకాలరావు. నల్లేరుపాడు వరద సహాయ ఉపకార్యాలయంలో సూపరింటెండెంటుని. వరద వచ్చినప్పుడు జనానికి బియ్యం, పప్పు, కప్పుల మీద వేసుకునే టార్పాలిన్ బరకాలు పంచిపెట్టడం మా పని. రానప్పుడు, వస్తే ఏం చెయ్యాలో మీటింగులు పెట్టుకోవడం మా పని. రెండో పనిలో మా ఆఫీసుని కొట్టేవాడు జిల్లాలో లేడు.

వచ్చిన ఆజ్ఞ పేరు ‘హరిత ప్రాంగణ పథకం’. దాని సారాంశం ఇది: "ప్రతి ప్రభుత్వ కార్యాలయం ముందూ పచ్చిక ఉండవలెను. సదరు పచ్చికను ఒక శుభదినాన డ్రోను ఆకాశం నుండి ఫోటో తీయును. ఫోటోలో నూటికి తొంభై పాళ్ళు ఆకుపచ్చగా కనిపించని యెడల సదరు కార్యాలయాధిపతి సుదూర ప్రాంత సేవలకు అర్హుడగును."

మా ఆఫీసరు ఫల్గుణరావుగారు ఈ కాగితం చదివి కళ్ళకద్దుకున్నారు. ఆయనకి పచ్చికంటే పూర్వజన్మ బంధం. ఎప్పుడో ట్రైనింగుకని ఏదో చల్లటి కొండ ఊరు వెళ్ళి, అక్కడ ఓ పచ్చిక మీద కాలు పెట్టబోతే ఎవరో విజిలేసి ఆపారట. ఆ విజిలు ఆయన గుండెల్లో నాటుకుపోయింది. తిరిగొస్తూ దారిలో తనూ ఓ విజిలు కొనుక్కుని, వాడుకునే అవకాశం కోసం అన్నేళ్ళూ జేబులో పెట్టుకు తిరిగారు పాపం.

మా ఆఫీసు ముందు ఖాళీ స్థలం ఉండేది. అర్జీదార్లు సైకిళ్ళు ఆపుకునేవారు, చెట్టు కింద చద్దిమూటలు విప్పుకునేవారు. వాళ్ళందర్నీ ఖాళీ చేయించి, లారీలో గడ్డి చాపలు తెప్పించి పరిపించారు. మధ్యలో ‘పచ్చికను తొక్కరాదు’ అని బోర్డు పాతించారు. జనం రావడానికి గోడవారగా ఓ సన్నటి దారి వదిలారు. దానిమీద మనిషి పక్కకి తిరిగి ఎండ్రకాయలా నడవాలి. మా అటెండరు త్రిమూర్తులు కాస్త బొద్దుగా ఉంటాడు. వాడు ఒకసారి లోపలికొస్తే సాయంత్రం దాకా బయటికి వెళ్ళే ఆలోచన మానుకునేవాడు.

గడ్డి వేళ్ళు పట్టుకుంటోందనగా వాయుగుండం పట్టింది. ఏం వాన! ఆకాశానికి చిల్లు పడినట్టు రేయింబవళ్ళు కురిసింది. మా ఆఫీసుకి పల్లంలో ఉన్న గుంటవీధిలోకి మోకాటిలోతు నీళ్ళొచ్చాయి. తాటాకు కప్పులన్నీ కూలిపోయాయి. జిల్లా నుంచి ఓ లారీ నిండా నీలం రంగు బరకాలు దిగాయి. హమ్మయ్య, ఈసారి అనుకున్న వేళకే వచ్చాయి అనుకున్నాను.

ఫల్గుణరావుగారు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎంత పెద్ద ఆఫీసరైనా మనిషే కదా, జనం కష్టం చూసి కరిగిపోయాడని నా గుండె కూడా బరువెక్కింది.

"తడిసిపోతోందయ్యా పానకాలరావ్!" అన్నారు.

"గుంటవీధి అంతా మునిగిపోయిందండి."

"గుంటవీధి ఏంటయ్యా? పచ్చిక! ఇంకా పసిది. ఆ వచ్చిన బరకాలు దానిమీద కప్పించు."

"సార్, అవి ఇళ్ళు పడిపోయినవాళ్ళకి పంచాలండి."

"ఎప్పుడు పంచుతాం?"

"నష్టపరిశీలన జరిగాకండి."

"నష్టపరిశీలన ఎప్పుడు?"

"రూలు ప్రకారం వాన వెలిశాకండి."

"అంటే ఈ వానలో అవి ఖాళీగా పడి ఉంటాయన్న మాటేగా? ప్రభుత్వ సొత్తుని ఖాళీగా పడెయ్యడం నేరం కాదూ?"

రూలు అంత చక్కగా వాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. బరకాలన్నీ విప్పించి, పచ్చికని పసిబిడ్డలా నాలుగు వైపులా కప్పించి, అంచులకి ఇటికలు పెట్టించాను.

మర్నాడు వానలో తడుచుకుంటూ పేరంటాలు వచ్చింది. గుంటవీధి మలుపులో పుణుకుల బండి పెడుతుంది. సాయంత్రం నాలుగైతే మా ఆఫీసుకి ఆకలి వేసేది ఆవిడ నూనె వాసనకే.

"ఏవండీ సూపర్నెంటుగారూ, మా ఇంటి కప్పు కూలిపోయిందండి. మా పిల్ల పురిటికొచ్చిందండి. పచ్చి బాలింతరాలు, చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని గొడుగేసుకుని మంచం మీద కూర్చుందండి. ఒక్క బరకం ఇప్పించండి బాబూ, మీ కడుపు చల్లగుండ."

"బరకాలు వాడుకలో ఉన్నాయి పేరంటాలూ."

"ఎవరు వాడుకుంటన్నారండీ?"

నేను కిటికీలోంచి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. చీర కొంగు పిండుకుంది. మళ్ళీ చూసింది.

"గడ్డికండీ?"

"ఆఁ."

"పురుడొచ్చిందాండీ దానికి?"

నష్టపరిశీలన అయ్యాక రమ్మన్నాను. ఆవిడ గోడవారగా పక్కకి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బండి పెట్టలేదు. మా ఆఫీసంతా ఉసూరుమంటూ ఇంటికెళ్ళింది.

వాన వెలిశాక బరకాలు ఎత్తి చూద్దుము కదా, ముక్కిపోయిన బియ్యం బస్తా విప్పినట్టు గుప్పుమని వాసన. గడ్డి మీద తెల్లటి బూజు. అక్కడక్కడా పుట్టగొడుగులు గొడుగులు పట్టుకు నిలబడ్డాయి. గుండ్రంగా గుండ్రంగా మచ్చలు, మచ్చల మధ్య గడ్డి పసుపెక్కి చచ్చి, కొన్నిచోట్ల ఉత్త మట్టి బయటపడింది.

"తావరండి ఇది," అన్నాడు త్రిమూర్తులు. "మా బావమరిది వీపుమీద అచ్చు ఇలాగే లేచిందండి. ఆయ్."

ఫల్గుణరావుగారు నిలువునా నీరయిపోయారు. "ఏం రాశాడు?" అని అడిగారు.

"గజ్జి మలాం రాశాడండి. గోకద్దని కూడా చెప్పారండి డాక్టరుగారు."

ఆఫీసరుగారు నా వైపు తిరిగి ఆ మలాం టోకున ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నారు. నేను బతిమాలి బామాలి, ముందు వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి తెగుళ్ళ డాక్టరుగారిని పిలిపించాను. ఆయన వచ్చి, వంగి, ఓ పరక పీకి చూసి, ఇందులో వింతేమీ లేదన్నారు.

"బరకాల కింద ఉక్కపోసి బూజు తెగులు పట్టిందండి. బరకాలు తీసేసి ఎండ, గాలి తగలనివ్వండి. చచ్చిన గడ్డి దంతెతో గీకేసి, మట్టి గుల్ల చేసి, కాస్త ఇసక చల్లి, కొత్త పిలకలు నాటండి. నీళ్ళు పెడితే పొద్దున పూటే పెట్టండి. అదే అల్లుకుంటుంది."

"ఇంకేం చెయ్యాలి?"

"ఇంకేం చెయ్యక్కర్లేదండి."

ఫల్గుణరావుగారి ముఖం ఎర్రబడింది. "ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఇంతమంది సిబ్బంది ఎందుకండీ ఇక్కడ? సరే, ఇది అంటుతెగులేనా?"

"చెప్పులకీ వాటికీ అంటుకుని కొంచెం..." అన్నారు డాక్టరుగారు పాపం, తెలియక.

ఆ ‘కొంచెం’తో మా కొంప మునిగింది. సాయంత్రానికి ఆర్డరు తయారైంది. "పచ్చిక అస్వస్థత దృష్ట్యా, తక్షణం అమలులోకి వచ్చునట్లుగా, కార్యాలయ ప్రాంగణం దిగ్బంధ ప్రాంతంగా ప్రకటించడమైనది. సిబ్బంది గేటు వద్ద పాదరక్షలు విడిచి, పసుపు నీళ్ళతో కాళ్ళు కడుగుకొని ప్రవేశించవలెను. ప్రజలకు ప్రవేశం లేదు. డాక్టరుగారి సలహాలు సూత్రప్రాయంగా అంగీకరించడమైనది."

సూత్రప్రాయంగా అంటే పిలకలైతే నాటించారు కానీ, రాత్రి మంచుకి జలుబు చేస్తుందని పొద్దుగూకగానే మళ్ళీ బరకాలు కప్పించేవారు. కాబట్టి బరకాలు వాడుకలోనే ఉన్నాయి. ప్రజలకి ప్రవేశం లేదు కాబట్టి నష్టపరిశీలన గురించి అడిగేవాళ్ళూ లేరు. ఉద్యోగులం పసుపు కాళ్ళతో పెళ్ళికూతుళ్ళలా తిరుగుతూ ఉండేవాళ్ళం.

అర్జీలు మాత్రం ఆగవు కదా. దానికీ ఉపాయం ఆలోచించారు సారు. ఆయన ఇంట్లో మామిడికాయలు కోసే దోటి ఉంది, చివర చిక్కంతో సహా. త్రిమూర్తులు వరండా చివర నిలబడి ఆ దోటిని గోడ మీదుగా వీధిలోకి చాపేవాడు. జనం చిక్కంలో అర్జీ పడేస్తే వాడు వెనక్కి లాక్కునేవాడు. మొదటిరోజు ఓ మేక ఆ చిక్కంలో తల పెట్టి రెండు అర్జీలు నమిలేసింది. వాటిని ‘పరిష్కృతం’ అని రాసుకున్నాం.

పేరంటాలు కూడా అర్జీ వేసింది. చిక్కంలో దాని పక్కనే ఓ పొట్లం కూడా పెట్టింది, వేడి వేడి పుణుకులు. బండి మళ్ళీ పెట్టిందన్న మాట. ఫల్గుణరావుగారు అర్జీ చూసి ముక్కు చిట్లించి, "నూనె మరకల కారణంగా తిరస్కరించడమైనది" అని రాశారు. పుణుకుల విషయంలో అలాంటి అభ్యంతరాలేమీ రాలేదు.

నాకు ఒళ్ళు మండింది. గోడ దగ్గరికి వెళ్ళి తొంగిచూస్తే ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"పిల్ల ఎలా ఉంది పేరంటాలూ?"

"చంటిదానికి జలుబు చేసిందండి. రాత్రంతా గురక. కప్పు లేకపోతే మంచు మొత్తం మొహం మీదే గదండీ." ఆవిడ మెడ చాచి మావైపు చూసింది. "మీ గడ్డికెలా ఉందండీ?"

కుశలం అడిగిందో, చెంప పగలగొట్టిందో నాకు తెలుసు. లోపలికొచ్చేశాను.

ఇంతలో పిడుగులాంటి కబురు. శుక్రవారం డ్రోను వస్తోంది! నాటిన పిలకలు రాత్రిళ్ళు బరకాల కింద ఉడికి ఎక్కడివక్కడ వాలిపోయాయి. పచ్చిక చూడబోతే క్షవరం మధ్యలో మంగలి పారిపోయిన తలలా ఉంది. ఫల్గుణరావుగారికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు మీటింగు పెట్టి, గొంతు సవరించుకుని సెలవిచ్చారు.

"ఆకుపచ్చ బట్టలు కట్టుకుని ఉద్యోగి మచ్చమీద కూర్చుంటే, ఆకాశంలోంచి చూసే డ్రోనుకి ఉద్యోగికీ గడ్డికీ తేడా ఏం తెలుస్తుంది?"

కింద నుంచి చూసినా పెద్ద తేడా తెలియదు సార్ అందామనుకున్నాను. రిటైర్మెంటు గుర్తొచ్చి ఊరుకున్నాను.

గురువారం రిహార్సలు జరిగింది. పైనుంచి చూస్తే నల్లటి జుట్టు కనిపిస్తుందని అందరూ తలలకి ఆకుపచ్చ తువ్వాళ్ళు చుట్టుకోవాలన్నారు. నాకు తువ్వాలు దొరక్క మా ఆవిడ ఆకుపచ్చ లంగా కప్పుకున్నాను. సారైతే వాళ్ళావిడ చిలకపచ్చ పట్టుచీరని తనే ఒంటినిండా చుట్టుకుని వచ్చారు. ఒక విజిలుకి వంగాలి, రెండు విజిళ్ళకి గాలికి ఊగినట్టు కొంచెం ఊగాలి. అంతా బాగానే ఉంది కానీ సిబ్బంది పట్టుమని పదిమందిమి లేము, మచ్చలు చూస్తే అంతకు మూడింతలున్నాయి.

"ప్రజల భాగస్వామ్యం!" అన్నారు ఫల్గుణరావుగారు చిటికేసి.

త్రిమూర్తులు ఆటోకి మైకు కట్టించుకుని గుంటవీధిలో తిరిగాడు. "ఆకుపచ్చ చీరలున్న ఆడవాళ్ళు, ఆకుపచ్చ లుంగీలున్న మగవాళ్ళు శుక్రవారం పొద్దున్నే వరద ఆఫీసుకి రావాల్సిందిగా కోరడమైనదహో!" కప్పు కూలిన ప్రతి ఇంటివాళ్ళూ వచ్చారు. ఆకుపచ్చ బట్టలు లేనివాళ్ళు ఆకుపచ్చ దుప్పట్లు కప్పుకొచ్చారు. ఒకాయన మేకకి కోసిన సుబాబుల్ రెమ్మలు నెత్తిన పెట్టుకొచ్చాడు. పేరంటాలు ముదురాకుపచ్చ చీర కట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

"సార్, బోర్డుందండి. తొక్కకుండా ఎలా ఎల్తారండి వీళ్ళంతా?" అని త్రిమూర్తులు ధర్మసందేహం వెలిబుచ్చాడు.

ఆఫీసరుగారు ఓ నిమిషం ఆలోచించారు. "మచ్చ మీద కూర్చున్న మరుక్షణం నుంచి వాళ్ళు పచ్చికలో అంతర్భాగం. పచ్చికని పచ్చిక తొక్కితే ఉల్లంఘన కింద రాదు," అని తేల్చారు.

అన్నిటికంటే పెద్ద మచ్చ జెండా దిమ్మ ముందుంది. దానిమీద పేరంటాలుని, వాళ్ళ వీధివాళ్ళనే మరో ఇద్దర్నీ కూర్చోబెట్టారు. దాని పక్క మచ్చలో సారు, ఆ పక్కది నాది. త్రిమూర్తులుకి సరిపడా ఆకుపచ్చ గుడ్డ ఊళ్ళో దొరక్క వాణ్ణి వరండాలోనే ఉంచేశాం. పొద్దున విప్పి మడతలు పెట్టిన బరకాలు వాడి పక్కనే గుట్టగా ఉన్నాయి.

జోరీగలా చప్పుడు వినిపించింది. డ్రోను! సారు విజిలేశారు. అందరం వంగాం. సరిగ్గా అప్పుడు పేరంటాలు మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేవబోయింది.

"నే ఎల్లొత్తానండి బాబూ."

"ఎక్కడికమ్మా! కూర్చో, కూర్చో!" సారు గొంతు కీచుమంది.

"చంటిదానికి నీళ్ళు పొయ్యాలండి. ఎండుండగానే పొయ్యాల. పొద్దుగూకితే మా ఇంటో మంచు."

"ఈ ఒక్క ఐదు నిమిషాలు..."

"మంచుకి జలుబు చేత్తదని గడ్డికి బరకాలు కప్పుతున్నారంట గదండీ. గడ్డికి ముక్కు లేదండి. మా చంటిదానికి ఉందండి." ఆవిడ సగం లేచింది. "నా బరకం నాకిత్తే కూకుంటానండి."

ఆవిడ లేచినమేరా నేల బోడిగా బయటపడింది. ఆవిణ్ణి చూసి పక్కనున్న ఇద్దరూ సగం లేచారు. వాళ్ళ వెనక సుబాబుల్ రెమ్మలాయన కదిలాడు. చూస్తుండగానే పచ్చికంతా ఒక్కొక్క మచ్చే లేవడం మొదలుపెట్టింది. డ్రోను గేటు దాటి లోపలికొచ్చింది.

"పానకాలరావ్! నష్టపరిశీలన!" అని సారు చీర ముసుగులోంచి అరిచారు. ఆయన లేవడానికి లేదు, ఆయన కింద కూడా మచ్చే.

"ఎప్పుడు సార్?"

"ఇప్పుడేనయ్యా!"

"నేను లేస్తే నా మచ్చ..."

"కూర్చునే చెయ్యి!"

లంగా కాస్త పైకెత్తి ముఖం బయటపెట్టాను. "పేరంటాలూ, నీ ఇంటికి కప్పుందా?"

"లేదండి."

"పరిశీలన పూర్తయింది సార్. నీదయ్యా, సుబాబుల్?"

"గోడ కూడా లేదండి."

"పూర్తయింది సార్."

వాన వెలిసి అన్నాళ్ళయినా తెమలని నష్టపరిశీలన, తాంబూలం వేసుకునే లోపల ముగిసింది. అన్నిటికీ సారు ముసుగులోంచే ‘మంజూరు, మంజూరు’ అన్నారు. త్రిమూర్తులు దోటికి బరకాలు తగిలించి ఒక్కొక్కరికీ అందించాడు. దోటి వంగిపోయింది కానీ విరగలేదు.

"నీలం కనపడకూడదు! కిందేసుకుని కూర్చోండమ్మా!" అని ఫల్గుణరావుగారు బతిమాలుకున్నారు. అందరూ బరకాలు కిందేసుకుని వాటిమీద గుడ్లమీద కోళ్ళలా కూర్చున్నారు. సారు రెండు విజిళ్ళు వేశారు. గుంటవీధి అంతా సంతోషంగా ఊగింది.

డ్రోను చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. పేరంటాలు బరకం చంకన పెట్టుకుని, ఆ రోజు గోడవారగా కాదు, పచ్చిక నడిమధ్య నుంచి తిన్నగా గేటులోంచి నడిచి వెళ్ళింది. సారు విజిలు నోట్లో పెట్టుకున్నారు కానీ ఊదలేదు.

ఫలితాలొచ్చాయి. నూటికి తొంభై ఆరు. జిల్లాలో మాదే ఫస్టు. "కొన్నిచోట్ల పచ్చిక మిక్కిలి గుబురుగా ఎదిగియున్నది. గాలి లేకున్నను ఊగుచుండుట ఆరోగ్య లక్షణంగా భావించడమైనది," అని ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే షీల్డు కూడా వచ్చింది.

ఆ వారంలోనే మళ్ళీ ఓ వాన కొట్టింది. ఫల్గుణరావుగారు వరండాలోకి పరిగెత్తి "బరకాలు! బరకాలు!" అని కేకలు వేశారు. ఎక్కడివి? ఒక్కటంటే ఒక్కటి లేదు. పాపం, రాత్రంతా నిద్రపోలేదట. తెల్లారి ఎండ కాసింది. తర్వాత కూడా కప్పడానికేమీ లేక ఎండా గాలీ వాటి దారిన అవి తగిలాయి. వాలిపోయిన పిలకలు తలెత్తి ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకుపోయాయి. నెల తిరిగేసరికి మచ్చలన్నీ మాయం. తన పద్ధతి మీద ఉపన్యాసం ఇమ్మని సారుని మూడు జిల్లాల వాళ్ళు పిలిచారు.

అంతా సుఖాంతమే అనుకుంటుండగా రాజధాని నుంచి ఓ మెమో వచ్చింది. "మీ పచ్చికను మరల ఫోటో తీయడమైనది. పచ్చిక సంతృప్తికరంగా ఉన్నది. అయితే, ప్రహరీకి ఆవల పల్లపు దిక్కున విస్తారంగా నీలి మచ్చలు కానవచ్చుచున్నవి. ఇవి మీ పచ్చిక నుండి వ్యాపించిన కొత్త రకం బూజు తెగులుగా అనుమానించడమైనది. తక్షణం సమూలంగా తొలగించి నివేదిక పంపవలెను."

ఫల్గుణరావుగారు మెమో నా చేతిలో పెట్టారు. "తీయించేస్తామని రాసి పడెయ్యవయ్యా," అన్నారు.

"ముందు పరిశీలించాలి కదండీ. రూలు," అన్నాను. రూలంటే ఆయనకి గౌరవం.

సాయంత్రం గుంటవీధికి వెళ్ళాను. వీధికి రెండు పక్కలా నీలం కప్పులే. పేరంటాలు ఇంటి ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళమీద మనవరాలిని పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. లోపల్నుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. బాలింతరాలు గుమ్మంలో నిలబడి తల ఆరబెట్టుకుంటోంది.

"ఏంటండీ సూపర్నెంటుగారూ, ఇలా వచ్చారు?"

"తెగులుందేమో చూసి రమ్మన్నారు."

"దీనికాండీ? తగ్గిపోయిందండి జలుబు. సుబ్బరంగా పడుకుంటంది."

చంటిది నన్ను చూసి ఎగాదిగా పరీక్ష చేసి, ఓ ఆవలింత ఆవలించింది. పేరంటాలు నూనె చెయ్యి తుడుచుకుని, కాస్త కూర్చోండి, పుణుకులు వేస్తాను అంది. కూర్చున్నాను. నాలుగు తిన్నాను, అసలు సంగతి చెప్పలేదు.

మర్నాడు నివేదిక రాసి బల్లమీద పెట్టాను. ఫల్గుణరావుగారు ఉపన్యాసానికి వెళ్ళే తొందరలో ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టేశారు. అందులో ఇలా రాశాను:

"సదరు నీలి మచ్చలను స్వయంగా పరిశీలించడమైనది. తెగులు కాదు. వాటి కింద మనుషులున్నారు. తొక్కరాదు."